చదరంగపు గళ్ళ సంఖ్య: ఒక ఇరవై అంకెల లెక్కకు డైరీ

మొదటి రోజు

చదరంగపు పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలవుతాయన్నది చాలామంది విన్న కథే. ఈ మొత్తాన్ని తెలుగులో ఒక చంపకమాలలో బిగించిన పద్యం పావులూరి మల్లన పేర ప్రసిద్ధమై ఉంది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన కవి ఆయనే. ఆ ఒక్క సంఖ్యను తీసుకుని, అది పద్యంలో సరిగ్గానే ఉందా, దాని కారణాంకాలేమిటి, వాటి వల్ల దానికి ఏయే గుణాలు వస్తున్నాయి అనే విషయాలను కాగితం మీదే తేల్చుకోవాలన్నది ఈ ప్రాజెక్టు. నాకు నేను పెట్టుకున్న నియమాలు రెండే. సంఖ్యను ఎక్కడా ముందుగా చూడకుండా పద్యం నుంచే చదవాలి. కంప్యూటరును చివరి రోజు వరకు ముట్టుకోకూడదు.

పద్యంలో అంకెలకు బదులు భూతసంఖ్యలు, అంటే అంకెలను సూచించే వస్తువుల పేర్లు, ఉన్నాయి. సంధులు విడదీసి రాసుకుంటే వరుస ఇది: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మొత్తం ఇరవై మాటలు. గింజల మొత్తం 2⁶⁴ కు ఒకటి తక్కువ. 2⁶⁴ లో ఎన్ని అంకెలుండాలో తెలుసుకోవడానికి 64 ను 2 యొక్క సంవర్గమానం 0.30103 తో గుణిస్తే 19.27 వస్తుంది కనుక ఇరవై అంకెలు ఉండాలి. మాటల లెక్క కుదిరింది.

మన్మథుని బాణాలు ఐదు కాబట్టి శరమూ సాయకమూ 5; చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి, చంద్ర, తుహినాంశు 1; కులపర్వతాలు ఏడు కాబట్టి నగ, భూధర, గిరి 7; అగ్నులు మూడు; ఆకాశం శూన్యం కాబట్టి వియత్, గగన 0; తర్కాలు ఆరు; బ్రహ్మ ముఖాలు నాలుగు; దిగ్గజాలు ఎనిమిది. రంధ్రం దగ్గర ఒక్క క్షణం ఆగి, చిల్లు అంటే ఖాళీయే కదా అనుకుని 0 వేశాను. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి శర అనేది ఒకట్ల స్థానం. తిరగవేసి రాయగా 18446744073700551615 వచ్చింది.

పక్కన కూర్చుని చూస్తున్న మా మేనకోడలు, డిగ్రీ రెండవ సంవత్సరం గణితం చదువుతున్నది, ఒక సందేహం వేసింది: "మామయ్యా, సముద్రాలు ఏడు కదా, అబ్ధికీ పయోనిధికీ నాలుగెందుకు వేశారు?" భూతసంఖ్యల్లో సముద్రానికి నాలుగు వాడడం వాడుక అని చెప్పాను గానీ, వాడుక అన్న మాట ఆమెకు రుజువుగా తోచలేదు. న్యాయమే.

రెండవ రోజు

సంఖ్య సరైనదో కాదో దాన్ని పూర్తిగా కట్టకుండానే కొంతవరకు పరీక్షించవచ్చు. 2 యొక్క ఘాతాలను 9 తో భాగించినప్పుడు వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అనే ఆరింటి చక్రంలో తిరుగుతాయి. 64 లో ఆరు పదిసార్లు పోగా నాలుగు మిగులుతుంది కనుక 2⁶⁴ శేషం 7. గింజల మొత్తం దానికి ఒకటి తక్కువ కాబట్టి శేషం 6 రావాలి. ఒక సంఖ్యకూ దాని అంకెల మొత్తానికీ తొమ్మిదితో శేషం ఒకటే. నేను చదివిన సంఖ్యలో అంకెల మొత్తం 78, శేషం 6. సముద్రాలను ఏడు చేస్తే మొత్తం 84, శేషం 3. ఒకదాన్ని మాత్రమే ఏడు చేస్తే 81, శేషం సున్న. కాబట్టి సముద్రాలు నాలుగే. ఈసారి ఆమె ఒప్పుకున్నది. నా చదువు సరైనదేనన్న నమ్మకంతో పుస్తకం మూసేశాను.

నాలుగవ రోజు

పదకొండు పరీక్ష చేయడం కేవలం అలవాటు కొద్దీ జరిగింది. తొమ్మిది పరీక్ష అంకెలు తారుమారైతే పట్టుకోలేదు, పదకొండు పట్టుకుంటుంది. పద్యం నుంచి ఎత్తి రాసేటప్పుడు పక్కపక్క అంకెలు మారిపోయే అవకాశం ఎక్కువ. 2¹⁰ అంటే 1024, అది పదకొండు తొంభై మూళ్ళకు ఒకటి ఎక్కువ. కనుక 2⁶⁴ శేషమూ 2⁴ శేషమూ ఒకటే, అంటే 5. మన మొత్తానికి 4 రావాలి. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఒక అంకెను కలుపుతూ తర్వాతిదాన్ని తీసివేస్తూ పోతే నా సంఖ్యకు 28 వచ్చింది. శేషం 6. నాలుగు రావలసిన చోట ఆరు.

రెండుసార్లు మళ్ళీ కూడి చూశాను. కూడికలో తప్పు లేదు, సంఖ్యలోనే ఉంది. అయితే ఈ రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలిసిపోతుందని కొంతసేపటికి తట్టింది. ఒకే ఒక్క మాటను తప్పుగా చదివాననుకుందాము. తొమ్మిది పరీక్ష నెగ్గింది కనుక ఆ అంకె మారినా అంకెల మొత్తం తొమ్మిది గుణిజం మేరకే మారి ఉండాలి. ఒక్క అంకె అలా మారాలంటే 0 స్థానంలో 9 గానీ, 9 స్థానంలో 0 గానీ ఉండాలి, మరో దారి లేదు. నేను రాసిన సంఖ్యలో తొమ్మిది అనే అంకే లేదు. కాబట్టి మూడు సున్నలలో ఏదో ఒకటి నిజానికి తొమ్మిది. వియత్, గగన రెండూ తీసివేసే స్థానాల్లో ఉన్నాయి. వాటిలో ఏది తొమ్మిదైనా 28 నుంచి తొమ్మిది పోయి 19 అవుతుంది, శేషం 8, పనికిరాదు. రంధ్ర కలిపే స్థానంలో ఉంది. అక్కడ తొమ్మిది వేస్తే 37, శేషం 4.

నిఘంటువు తీసి చూస్తే నవరంధ్రాలు అనే మాట ఎదురైంది. శరీరానికి తొమ్మిది ద్వారాలు. అందుకే రంధ్రం అంటే తొమ్మిది. రోజూ వినే మాటే, తట్టలేదు. భాష చెప్పవలసిన సంగతిని ఇక్కడ శేషాలు ముందుగా చెప్పడం ఈ ప్రాజెక్టులో ఇంతవరకు నాకు బాగా నచ్చిన ఘట్టం. సవరించిన సంఖ్య 18446744073709551615. మన పద్ధతిలో విరామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. ఇంచుమించు ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు.

ఐదవ రోజు

శేషాల పరీక్షలు తప్పును పట్టగలవు గానీ ఒప్పును నిరూపించలేవు. ఈ రోజు సంఖ్యను నేరుగా కట్టాను. అరవై మూడు సార్లు రెట్టింపు చేయనవసరం లేదు. పింగళుని ఛందశ్శాస్త్రంలో గురులఘువుల ప్రస్తారానికి చెప్పిన సగం చేసి వర్గం చేసే ఉపాయమే చాలు: 64 ను సగాలు చేస్తూ పోతే ఆరు అడుగుల్లో ఒకటి వస్తుంది, కాబట్టి ఆరు వర్గాలు చేస్తే సరి. 2, 4, 16, 256, 65536, 4294967296 వరకు శ్రమ లేదు. చివరి వర్గానికి మాత్రం సంఖ్యను 42949, 67296 అని రెండు ముక్కలు చేశాను. మొదటి ముక్క వర్గం 1844616601, రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 5780591808, రెండవ ముక్క వర్గం 4528751616. వీటిని పది సున్నలు, ఐదు సున్నలు, సున్నలు లేకుండా జరిపి కూడితే 18446744073709551616 వచ్చింది. ఒకటి తీసివేస్తే పద్యంలోని సంఖ్య. అంకె అంకె సరిపోయింది.

ఏడవ రోజు

కారణాంకాలు. రెండు వర్గాల భేదాన్ని మొత్తంగానూ భేదంగానూ విడగొట్టే బడి సూత్రం ఇక్కడ ఒకదాని లోపల ఒకటిగా ఐదు సార్లు పనిచేస్తుంది. 2⁶⁴ − 1 అంటే (2³² − 1)(2³² + 1); అందులో మొదటిది మళ్ళీ (2¹⁶ − 1)(2¹⁶ + 1); ఇలా దిగుతూ పోతే చివరకు మిగిలేది 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు, అంటే 2 ను 1, 2, 4, 8 వంటి ఘాతాలకు పెంచి ఒకటి కలిపితే వచ్చేవి. వీటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదని చూపడం సులభం: ప్రతి ఫెర్మా సంఖ్యా తన ముందున్న వాటన్నిటి లబ్ధానికి రెండు ఎక్కువ. ఉమ్మడి కారణాంకం ఉంటే అది రెండును కూడా భాగించాలి, కానీ అన్నీ బేసి సంఖ్యలే.

ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మాడు. మొదటి ఐదింటి వరకు ఆ నమ్మకం నిజమే. ఆరవది, 4294967297, 641 తో భాగింపబడుతుందని ఆయిలర్ 1732 లో చూపాడు. మన చదరంగపు సంఖ్య కథ అంతా ఈ ఆరవ ఇటుక దగ్గరే మలుపు తిరుగుతుంది. అందుకే ఇక్కడ రెండు రోజులు గడిపాను.

ఎనిమిదవ రోజు

641 ఎందుకు భాగిస్తుందో చూడడానికి పెద్ద భాగహారం అక్కరలేదు. 641 ను రెండు విధాలుగా రాయవచ్చు: 5 × 2⁷ + 1 అనీ, 5⁴ + 2⁴ అనీ. మొదటి రూపం వల్ల 5 × 2⁷ కూ −1 కూ 641 తో శేషం ఒకటే. రెంటినీ నాలుగవ ఘాతానికి తీసుకుపోతే 5⁴ × 2²⁸ కు శేషం 1. రెండవ రూపం వల్ల 5⁴ స్థానంలో −2⁴ ను ఉంచవచ్చు. అప్పుడు −2³² కు శేషం 1, అంటే 2³² + 1 ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది. భాగఫలం 6700417, గుణించి సరిచూసుకున్నాను.

మరో మార్గం కూడా దొరికింది, ఇది పూర్తిగా మన ఇరవై అంకెల రాతకే సంబంధించినది. 10 యొక్క ఘాతాలను 641 తో భాగిస్తూ వర్గాలు చేస్తే 10⁴ కు శేషం 385, 10⁸ కు 154, 10¹⁶ కు 640 వస్తాయి. 640 అంటే −1 తో సమానం. అందువల్ల ఇరవై అంకెల సంఖ్యలో చివరి పదహారు అంకెలలోంచి మొదటి నాలుగు అంకెలను తీసివేసి, వచ్చినది 641 తో భాగింపబడుతుందో లేదో చూస్తే చాలు. 6744073709551615 లోంచి 1844 తీసివేస్తే 6744073709549771. దీన్ని భాగిస్తే 10521175833931 సార్లు సరిగ్గా పోయింది, శేషం సున్న. పద్యంలోని మాటల్లో చెప్పాలంటే, చివరి నాలుగు మాటలైన పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశులను తక్కిన పదహారు మాటల సంఖ్యలోంచి తీసివేయడమన్నమాట.

తొమ్మిదవ రోజు

6700417 ప్రధాన సంఖ్యేనా? దీని వర్గమూలం 2588 దాటి కొంచెం. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే మూడు వందల డెబ్బైకి పైచిలుకు భాగహారాలు కావాలి. ఇంత పని తప్పించే మార్గం ఉంది.

4294967297 ను భాగించే ప్రధాన సంఖ్యను ప అనుకుందాము. ప తో భాగిస్తే 2³² శేషం −1, కనుక 2⁶⁴ శేషం 1. 2 యొక్క ఘాతాలు మొదటిసారి ఒకటికి తిరిగి వచ్చేది సరిగ్గా 64 దగ్గరే. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ప − 1 ఘాతం దగ్గర కూడా శేషం ఒకటే కాబట్టి 64 అనేది ప − 1 ను భాగించాలి. ఇంతవరకు ఆయిలర్ దారి. లూకా 1878 లో ఇంకో అడుగు వేశాడు: ప ను 8 తో భాగిస్తే ఒకటి మిగులుతున్నది కనుక 2 అనేది ప దృష్ట్యా ఏదో ఒక వర్గానికి శేషమవుతుంది, అందువల్ల ప − 1 లో సగం ఘాతం దగ్గరే 2 ఒకటికి వచ్చేస్తుంది, కాబట్టి 64 ఆ సగాన్నే భాగించాలి. అంటే ప రూపం 128క + 1 కావలసిందే (క ఏదో ఒక పూర్ణసంఖ్య).

2588 లోపల ఈ రూపంలో ఇరవై సంఖ్యలే ఉన్నాయి. 129, 385, 513 వంటివి చూడగానే పోతాయి; 1537 అంటే 29 × 53, 1793 అంటే 11 × 163, 1921 అంటే 17 × 113, 2561 అంటే 13 × 197, ఇవి కొంచెం వెతికితే పోతాయి. చివరకు మిగిలిన ప్రధాన సంఖ్యలు ఐదు. 257 తో భాగిస్తే శేషం 170. 641 తో 44. 769 తో 120. 1153 తో 334. 1409 తో 622. ఒక్కటీ సున్న కాలేదు. మూడు వందల డెబ్బై పైచిలుకు భాగహారాల పని ఐదింటితో ముగిసింది. నిజానికి 257 ను కూడా వదిలేయవచ్చు, ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకాలు లేవని ముందే చూశాము. అయినా చేతి లెక్కలో ఒకటి ఎక్కువ చేయడం వల్ల నష్టం లేదు.

65537 కు ఇదే ఉపాయం ఇంకా తేలిక. దాని కారణాంకాల రూపం 64క + 1, వర్గమూలం 256. అర్హత గల ప్రధాన సంఖ్య 193 ఒక్కటే. భాగిస్తే శేషం 110. ఒక్క భాగహారంతో 65537 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది.

కాబట్టి 18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

పన్నెండవ రోజు

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కసారే. కనుక భాజకాలు 2⁷, అంటే 128. భాజకాలన్నిటి మొత్తం సంఖ్యకు 1.703 రెట్లు, రెండు రెట్లకు తక్కువ, కాబట్టి ఇది న్యూన సంఖ్య. ఇందులో నాకు పెద్ద ఆసక్తి కలగలేదు.

ఆసక్తి కలిగినది మరొకటి. ఒకటి నుంచి ఈ సంఖ్య వరకు ఉన్న వాటిలో దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ప్రతి ప్రధాన కారణాంకంలోంచి ఒకటి తీసివేసి గుణించాలి: 2 × 4 × 16 × 256 × 640 × 65536 × 6700416. ఇందులో 640 అంటే 2⁷ × 5, 6700416 అంటే 2⁷ × 3 × 17449. రెండ్లన్నీ ఒకచోట చేర్చితే 2⁴⁵ × 261735 అవుతుంది. విప్పి రాస్తే 9208981628670443520, అంటే మొత్తంలో సగానికి కొద్దిగా తక్కువ.

ఫెర్మా నమ్మకమే నిజమై 4294967297 ప్రధాన సంఖ్య అయి ఉంటే? అప్పుడు గుణించవలసినవన్నీ 2 యొక్క ఘాతాలే అయ్యేవి, లబ్ధం సరిగ్గా 2⁶³ అయ్యేది. 2⁶³ అంటే చదరంగంలో ఆఖరి గడిలోని గింజలు. ఆ రెంటికీ తేడా ఎంతో చూశాను: 2⁶³ ను 2⁴⁵ × 262144 అని రాసి, 262144 లోంచి 261735 తీసివేస్తే 409. తేడా 409 × 2⁴⁵. నలభై ఆరవ గడిలోని గింజలు 2⁴⁵ కాబట్టి, 641 ఉన్నందువల్ల కలిగిన లోటు సరిగ్గా నలభై ఆరవ గడి లాంటివి 409 గళ్ళన్నమాట.

ఆ 261735 అనే బేసి భాగం జ్యామితిలోనూ అడ్డు వస్తుంది. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి క్రమ బహుభుజిని గీయగలగాలంటే, ఇలా లెక్కించిన సంఖ్య శుద్ధంగా రెండు ఘాతం కావాలి. గౌస్ 1796 లో పదిహేడు భుజాల బొమ్మకు దారి చూపాడు. ఈ షరతు తప్పనిసరి అని వాంజెల్ 1837 లో నిరూపించాడు. చదరంగంలో మొదటి సగం, అంటే ముప్పై రెండు గళ్ళ గింజలు 4294967295. అది 3, 5, 17, 257, 65537 ల లబ్ధం. 4294967295 భుజాల క్రమ బహుభుజిని సిద్ధాంతరీత్యా గీయవచ్చు, ఇలా గీయగలమని ఇప్పటికి తెలిసిన బేసి భుజాల బహుభుజులలో అదే అన్నిటికన్నా పెద్దది. పలక రెండవ సగాన్ని కూడా నింపామో, 641 లోపలికి వచ్చి ఆ అవకాశం పోతుంది.

మరో చిన్న లెక్క. ఈ సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యనైనా 17153064960 ఘాతానికి పెంచి మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుంది. 2¹⁶ × 261735 అదే. కానీ 2 మాత్రం అరవై నాలుగవ అడుగులోనే ఒకటికి తిరిగి వచ్చేస్తుంది, సంఖ్య నిర్మాణమే అటువంటిది కాబట్టి.

పద్నాలుగవ రోజు

చివరకు కంప్యూటరు. ముందుగా సంఖ్యను స్ప్రెడ్‌షీటులో వేయగా 18446744073709500000 అయి కూర్చుంది. పదిహేను అంకెలు దాటినవన్నీ సున్నలయ్యాయి. శర నుంచి సాయక దాకా ఉన్న ఆరు మాటల్లో ఐదు చెరిగిపోయాయి. దశాంశ బిందువు గల రకంలో పూర్ణసంఖ్యలన్నీ 2⁵³ వరకే నిక్కచ్చిగా నిలుస్తాయి కాబట్టి అదీ పనికిరాలేదు. మా మేనకోడలు అరవై నాలుగు బిట్ల, గుర్తు లేని పూర్ణాంకపు రకంలో వేసి చూసింది. అక్కడ సరిగ్గా పట్టింది. పట్టడమే కాదు, ఆ పెట్టెలో పట్టగల అతి పెద్ద సంఖ్య అదే, అరవై నాలుగు బిట్లూ ఒకట్లే. "ఒకటి కలపనా మామయ్యా?" అని అడిగి కలిపింది. సున్న వచ్చింది.

తర్వాత పైథాన్‌లో, 2 నుంచి మొదలుపెట్టి వరుసగా భాగించుకుంటూ పోయే పది పంక్తుల ప్రోగ్రాము రాసింది. 641 పోయాక చాలాసేపు ఏదీ భాగించదు; 65537 వచ్చి తాను భాగించాక మిగిలిన 6700417 దాని వర్గంకన్నా చిన్నది కాబట్టి అక్కడితో ఆగిపోతుంది. కన్ను మూసి తెరిచేలోగా ఏడు సంఖ్యలు తెర మీద పడ్డాయి, తొమ్మిదవ రోజు నా పుస్తకంలో ఉన్నవే. వాటిని తిరిగి గుణించి, వచ్చిన లబ్ధాన్ని ఒకట్ల స్థానం నుంచి ఆమె చదువుతుంటే నేను పద్యంలోని మాటల మీద వేలు పెట్టుకుంటూ పోయాను. ఐదు, ఒకటి, ఆరు, ఒకటి, ఐదు, ఐదు. రంధ్రం దగ్గర ఆమె కావాలనే కాస్త ఆగి, తొమ్మిది అన్నది.